పారణ లేని ఉపవాసం

ఆస్ట్రియా దర్శకురాలు జెస్సికా హౌస్నర్ 2023లో తీసిన ‘క్లబ్ జీరో’ గురించి పాఠకులు అడిగిన ప్రశ్నలివి. చూడనివారి కోసం కథ క్లుప్తంగా: డబ్బున్నవాళ్ల పిల్లలు చదివే ఒక బోర్డింగ్ స్కూలుకి మిస్ నోవాక్ అనే పోషకాహార టీచరు వస్తుంది. మియా వాసికోవ్‌స్కా వేసిన పాత్ర అది. ఎరుకతో తినడం నేర్పుతానంటుంది. మొదట నెమ్మదిగా తినమంటుంది, తర్వాత తగ్గించమంటుంది. చివరికి తిండే అక్కర్లేదని నమ్మే చిన్న గుంపు తయారవుతుంది. ఆ ఏడాది కాన్ చలనచిత్రోత్సవం పోటీ విభాగంలో ఉన్న సినిమా ఇది.

ప్రశ్న: వ్యంగ్య చిత్రం అన్నారు. నాకు ఒక్కచోటా నవ్వు రాలేదు. ఇందులో వ్యంగ్యం ఎవరిమీద? – ఒక పాఠకుడు, నరసాపురం

నవ్వు రాకపోవడం మీ లోపమూ కాదు, సినిమా లోపమూ కాదు. వ్యంగ్యం మిస్ నోవాక్ మీద అనుకుని చూస్తే సినిమా చప్పగానే ఉంటుంది. అసలు గురి తల్లిదండ్రుల మీద. ఆ టీచర్ని వెతికి పట్టుకుని స్కూలుకి తెచ్చుకున్నది వాళ్లే. ఆవిడ బొమ్మతో టీ పొట్లాలు అమ్మకానికి ఉన్నా ఎవరికీ అనుమానం రాదు. అందరూ మెత్తగా, మర్యాదగా మాట్లాడతారు. పిల్లలంతా ఒకే పసుపుపచ్చ యూనిఫారంలో, శుభ్రంగా, ముద్దుగా ఉంటారు. ఘోరం జరుగుతున్నా గొంతు పెంచేవాళ్లుండరు. ఆ మర్యాదే మనల్ని ఇబ్బంది పెడుతుంది.

ఇంకోసారి చూసేటప్పుడు రెండుచోట్ల ఆగండి. మొదటిది తొలి క్లాసు. ఈ క్లాసులో ఎందుకు చేరారని ఆవిడ ఒక్కొక్కరినీ అడుగుతుంది. ఒకరికి పర్యావరణం, ఒకరికి ఆటలో రాణించడం, బెన్ అనే కుర్రాడికి స్కాలర్‌షిప్ మార్కులు. ఆవిడ కొత్తగా ఏ కోరికా పుట్టించదు, ఎవరి కోరికకు వాళ్లకే తిండి మానడాన్ని ముడిపెడుతుంది. రెండోది బెన్ ఇల్లు. అతనికి తల్లి ఒక్కతే. ఆవిడ ఇష్టంగా వండుతుంది, అతనూ ఇష్టంగా తింటాడు. గుంపులో చివరిదాకా లొంగనిది అతనే. అతణ్ని లొంగదీయడానికి టీచరుకన్నా తోటి పిల్లలే ఎక్కువ కష్టపడతారు. సినిమాకి ప్రాణం అక్కడుంది.

ప్రశ్న: ‘లంఖణం పరమౌషధం’ అన్నది మన పెద్దలే. ఏకాదశినాడు మా ఇంట్లో అందరం ఉపవాసం ఉంటాం. ఆ సినిమా మన ఆచారాన్ని తప్పుపడుతోందా? – ఒక గృహిణి, అమలాపురం

లేదమ్మా. ఏకాదశి ఉపవాసానికి మర్నాడు ద్వాదశి పారణ ఉంది. ఎప్పుడు మొదలవుతుందో, ఎప్పుడు ముగుస్తుందో ఇంట్లో అందరికీ తెలుసు. పసిపిల్లలకి, గర్భిణులకి, జబ్బు మనిషికి మినహాయింపు ఉంది. లంఖణం కూడా అజీర్తికో జ్వరానికో చేసేదే, ఆ వెంటనే పథ్యం పెడతారు. మిస్ నోవాక్ చెప్పేదానికి పారణ లేదు. ఒక మెట్టు ఎక్కితే ఇంకో మెట్టు చూపిస్తుంది. ఇంట్లో చెప్పనక్కర్లేదంటుంది. ఆకలన్నవాడికి నమ్మకం చాలలేదంటుంది. ఎవరు ఏ పేరుతో తిండి మానమన్నా ముగింపు ఏ రోజు, ఎవరికి మినహాయింపు, ఇంట్లో చెప్పొచ్చా అని అడగండి. మూడింటిలో ఒక్కదానికి జవాబు రాకపోయినా అది ఉపవాసం కాదు.

ప్రశ్న: మా డిగ్రీ కళాశాలలో ఈ సినిమా వేసి చర్చ పెట్టాలనుకుంటున్నాం. 60 మంది పిల్లలు. ఏ జాగ్రత్తలు తీసుకోవాలి? – ఒక అధ్యాపకుడు, భీమవరం

తప్పకుండా వెయ్యండి మాస్టారూ. 18 నిండనివాళ్లని మాత్రం కూర్చోబెట్టకండి. ముందుగా హక్కుల సంగతి: ఓటీటీ చందా ఇంట్లో చూసుకోవడానికే. హాల్లో వెయ్యాలంటే పంపిణీదారు దగ్గర విడిగా అనుమతి తీసుకోవాలి.

నిడివి సుమారు 110 నిమిషాలు. మధ్యలో విరామం ఇవ్వకండి, చాయ్‌కి వెళ్లొచ్చేసరికి బిగువు పోతుంది. వాంతికి సంబంధించిన ఒక సన్నివేశం చాలా జుగుప్సగా ఉంటుంది. ఆ సంగతి సినిమా మొదలయ్యే ముందే చెప్పండి. లేచి వెళ్లడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదని చెప్పి, తలుపు దగ్గర రెండు వరుసలు ఖాళీగా ఉంచండి. తిండి విషయంలో ఇప్పటికే సతమతమవుతున్న పిల్లలు 60 మందిలో ఉండొచ్చు. అందుకని చర్చలో బరువుల అంకెలు, కేలరీలు, ఎవరు ఎలా తిండి మానారన్న వివరాలు రానివ్వకండి. అలాంటి అంకె విని తమతో పోల్చుకునేవాళ్లుంటారు.

చర్చ పాడయ్యేది ఎక్కడంటే, సినిమా అవ్వగానే అధ్యాపకుడు మైకు తీసుకుని “ఇందులో నీతి ఏమిటంటే” అని మొదలుపెట్టినప్పుడు. పిల్లలు అదే మాట నాలుగు రకాలుగా తిప్పి అప్పజెబుతారు. గురువు మాటకి తలూపడం తప్పని చూపించిన సినిమా మీద అందరూ గురువు మాటకే తలూపుతారు. కాబట్టి దీపాలు వేశాక ఎవరూ మాట్లాడకముందే తలా ఒక చీటీ ఇవ్వండి. “నేను ఆ క్లాసులో ఉంటే ఏ మెట్టు దగ్గర ఆగేవాణ్ని?” అన్న ఒక్క ప్రశ్నకి పేరు లేకుండా 5 నిమిషాల్లో జవాబు రాయించండి. చీటీలు కలిపేసి, ఓ పది చదివించి, అప్పుడు ఆరేసి మందిని జట్టు చెయ్యండి. మీరు పక్కన కూర్చుని చివర్లో మాట్లాడండి.

చీటీకి కారణముంది. 1950ల్లో సోలమన్ ఆష్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త గీతల పొడవు పోల్చమని ఒక పరీక్ష పెట్టాడు. గదిలో ఒక్కడు తప్ప మిగతా అందరూ ముందే మాట్లాడుకుని తప్పు జవాబు చెప్పేవాళ్లు. కళ్లెదుట తప్పు కనిపిస్తున్నా, ఆ ఒక్కడు దాదాపు మూడో వంతు సార్లు గుంపు చెప్పిందే చెప్పాడు. జవాబు పైకి చెప్పకుండా కాగితం మీద రాయమంటే లొంగుబాటు బాగా తగ్గింది. గుంపులో ఇంకొక్కరు సరైన జవాబు చెప్పినా అంతే, బాగా తగ్గింది.

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం. ట్యూషన్ మాస్టారి మాటంటే వేదం. రాత్రి భోజనం మానేస్తే చదువు బుర్రకెక్కుతుందని ఆయన చెప్పారట. రెండు నెలలుగా రాత్రి తినదు, ఇప్పుడు పొద్దున్న టిఫినూ మానేస్తోంది. మందలిస్తే ‘నీకు తెలీదు’ అంటోంది. ఏం చెయ్యాలి? – ఒక తల్లి, రావులపాలెం

అమ్మా, ముందు ఆరోగ్యం, తర్వాత మాస్టారు.

ఈ వారంలోనే డాక్టరుకి చూపించండి. మూడు నుంచి ఆరు నెలల్లో బరువు పదో వంతుకు మించి తగ్గిందా, నెలసరి ఆగిందా, లేచి నిలబడగానే కళ్లు తిరుగుతున్నాయా, ఎండలో కూడా చేతులు చల్లగా ఉంటున్నాయా, తిన్న వెంటనే బాత్రూంలోకి వెళ్లి గడియ పెట్టుకుంటోందా గమనించి ఆయనకి చెప్పండి. ఊరికే కూర్చున్నప్పుడు మణికట్టు దగ్గర నాడి పూర్తి నిమిషం లెక్కపెట్టండి. 50కి లోపు ఉన్నా, స్పృహ తప్పినా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి. అక్కడ ఈసీజీతోపాటు రక్తంలో చక్కెర, పొటాషియం, ఫాస్ఫరస్, మెగ్నీషియం చూడమని అడగండి.

ఇక్కడ మన ఊళ్లలో తరచూ జరిగే పొరపాటు ఒకటుంది. పిల్ల నీరసించగానే వీధి చివర ఆర్ఎంపీ దగ్గర గ్లూకోజు బాటిల్ ఎక్కిస్తారు, లేదా ఇంటికి తెచ్చి కడుపునిండా పెట్టేస్తారు. ఐదు రోజులకి మించి దాదాపు ఏమీ తిననివాళ్లకి, బాగా చిక్కిపోయినవాళ్లకి ఇది ప్రమాదం. పిండిపదార్థం ఒక్కసారిగా అందగానే ఇన్సులిన్ పెరుగుతుంది. రక్తంలో మిగిలిన కాస్త ఫాస్ఫరస్ కణాల్లోకి వెళ్లిపోతుంది. దాంతో గుండె లయ తప్పొచ్చు, ఊపిరి అందకపోవచ్చు. అలాంటివాళ్లకి థయమిన్ (విటమిన్ బి1) ఇచ్చి, రక్తపరీక్షలు చూసుకుంటూ, ఆహారం కొద్దికొద్దిగా పెంచాలి. అది ఆసుపత్రిలో జరగాల్సిన పని. మీ అమ్మాయి మధ్యాహ్నం సరిగ్గా తింటూ ఉంటే అంతదూరం వెళ్లి ఉండదు, కానీ రెండో పూట కూడా జారుతోందన్నారు కాబట్టి ఆలస్యం వద్దు. ఇంకో మాట, ఆ ట్యూషన్‌లో టైప్ 1 మధుమేహం ఉన్న పిల్లలెవరైనా ఉంటే, సొంతంగా తిండీ ఇన్సులినూ మార్చుకుంటే ప్రాణం మీదికి వస్తుందని వాళ్ల ఇంట్లో చెప్పండి.

ఇక మాట్లాడే తీరు. మాస్టార్ని తిట్టకండి. తిట్టిన రోజు నుంచి అమ్మాయి ఆయన తరఫు వకీలు అవుతుంది, మీకు సంగతులు చెప్పడం మానేస్తుంది. “రాత్రి తినకపోతే మార్కులు పెరిగాయా? నోటు పుస్తకం చూద్దాం రా” అనండి. ఊరికే కూర్చున్నా శరీరం ఖర్చుపెట్టే శక్తిలో సుమారు 20 శాతం మెదడుకే పోతుందన్న సంగతి సైన్సు చదివే పిల్లకి చెప్తే అర్థమవుతుంది. “మీ బ్యాచ్‌లో మానేయనివాళ్లున్నారా? వాళ్లని మిగతావాళ్లు ఎలా చూస్తున్నారు?” అని అడిగి, జవాబు శ్రద్ధగా వినండి. తిననివాళ్లని పొగిడి, తినేవాళ్లని ఏడిపిస్తున్నారంటే, ఒక మాస్టారి చాదస్తం కాస్తా గుంపు పట్టుదలగా మారిందన్నమాట. పైన చెప్పిన ఆష్ పరీక్ష ఇక్కడ పనికొస్తుంది. ఆ బ్యాచ్‌లో ఇంకొక్క పిల్ల తల్లితో మాట్లాడి, ఇద్దరు పిల్లలూ కలిసి తినేలా చూడండి. ఒంటరిగా ఎదురు నిలవలేని పిల్ల ఇద్దరైతే నిలబడుతుంది.

తర్వాత ఇద్దరు ముగ్గురు తల్లిదండ్రులు కలిసి మాస్టారి దగ్గరికి వెళ్లండి. తిండి విషయం పిల్లలకి చెప్పొద్దని మర్యాదగా, సూటిగా అడగండి. మంచి మాస్టారైతే ఆ సాయంత్రమే క్లాసులో తన మాట సరిదిద్దుకుంటారు. “మీరు మీ పిల్ల ఎదుగుదలకి అడ్డుపడుతున్నారు” అంటే మాత్రం ట్యూషన్ మాన్పించండి, పరీక్షలు నెలలో ఉన్నా సరే. అమ్మాయి మాట వినే స్థితిలో లేకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలి మానస్ 14416కి ఫోన్ చెయ్యండి. తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. పిల్లల కోసం 1098 హెల్ప్‌లైన్ కూడా ఉంది.

ప్రశ్న: కందుకూరి వీరేశలింగం గారూ ఉపాధ్యాయుడే. శిష్యులని ఇళ్లలో పెద్దల మాటకి ఎదురు నడిపించారు కదా. ఆయన ప్రభావానికీ ఈ టీచరు ప్రభావానికీ గీత ఎక్కడ గీస్తారు? – ఒక విద్యార్థిని, రాజమహేంద్రవరం

చాలా మంచి ప్రశ్న. ఇద్దరికీ మాటలో ఆకర్షణ ఉంది, ఇద్దరూ లోకం ఒప్పుకోనిదే చెప్పారు. తేడా పని చేసిన తీరులో ఉంది. వీరేశలింగం పంతులుగారు 1874లో వివేకవర్ధని పత్రిక పెట్టి ప్రతి మాటా అచ్చులో చెప్పారు. కొక్కొండ వెంకటరత్నం పంతులుగారు ఎదురు పత్రికతో ఎకసక్కెమాడితే, ఆయనకి హాస్యసంజీవని అనే పత్రికతో జవాబిచ్చారు. 1879లో వితంతు వివాహం మీద బహిరంగ సభలో ఉపన్యసించి, ఖండించాలనుకున్నవాళ్లని ఖండించనిచ్చారు. 1881 డిసెంబరు 11న మొదటి వితంతు వివాహం చేయించినప్పుడు వెలి, నింద మొదట ఆయన కుటుంబం మీదే పడ్డాయి. శిష్యుడికి రెండో పక్షం వినే వీలు ప్రతి రోజూ ఉండేది.

మిస్ నోవాక్ క్లాసుకి తలుపులు మూసి ఉంటాయి. అనుమానం పడ్డవాడు బయటికి పోతాడు, నష్టమంతా పిల్లల ఒంటి మీద పడుతుంది. ఏ గురువునైనా ఈ లెక్కన చూడండి: ఆయన్ని కాదన్నవాడి మాట ఆయన శిష్యులు వినగలుగుతున్నారా, లేదా?

ప్రశ్న: మేం ఐదుగురం. మాటకారి లెక్చరర్ చేతిలో పిల్లలు ఎలా కీలుబొమ్మలవుతారో 12 నిమిషాల వ్యంగ్య షార్ట్ ఫిల్మ్ తీయాలనుకుంటున్నాం. ఫోన్ కెమెరా ఉంది. సలహా ఇవ్వండి. – డిగ్రీ విద్యార్థులు, పాలకొల్లు

దాసరి నారాయణరావు గారి ఊరు మీది, ధైర్యంగా తీయండి తమ్ముళ్లూ. పేజీకి నిమిషం లెక్కన 12 పేజీలు దాటొద్దు. ఆరు సన్నివేశాలు చాలు. ప్రతి సన్నివేశంలో లెక్చరర్ పిల్లల దగ్గర ఒక్కటే తీసుకోవాలి: టిఫిన్ బాక్సు, ఫోను, ఆదివారం ఇంటికెళ్లడం, పాత స్నేహితుడు. తీసుకున్న ప్రతిసారీ పిల్లలు థ్యాంక్స్ చెప్పాలి. వ్యంగ్యం మొత్తం దాంట్లోనే వస్తుంది, పంచ్ డైలాగులు అక్కర్లేదు. అతనికి విలన్ సంగీతం వేశారో, చూసేవాడు “మా సార్ ఇలా కాదులే” అని తప్పించుకుంటాడు. అతను నిజంగా బాగా పాఠం చెప్పేవాడై ఉండాలి. మొదటి రెండు నిమిషాల్లో ప్రేక్షకుడు కూడా అతని క్లాసులో చేరాలనుకోవాలి. ఏ నిజమైన కాలేజీనీ పోల్చుకునేలా యూనిఫారం, బోర్డు పెట్టకండి.

కెమెరా ట్రైపాడ్ మీదే ఉంచండి. ఫోన్లో తీస్తూ జూమ్ చేస్తే లెన్సు మారేచోట బొమ్మ ఎగురుతుంది. 4కెలో కదలకుండా తీసి, 1080 టైంలైన్‌లో ఎడిటింగప్పుడు నెమ్మదిగా దగ్గరికి రండి. రెండు రెట్ల దాకా బొమ్మ చెడదు. సెకనుకి 25 ఫ్రేములు, షట్టర్ 1/50 పెట్టండి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ట్యూబ్‌లైట్ మిణుకు పడదు.

శబ్దం దగ్గరే ఎక్కువమంది దెబ్బతింటారు. క్లాస్‌రూం ఫ్యాను ఆపకపోతే మాటలన్నీ గాలిలో కలిసిపోతాయి, ఆపితే మన ఉక్కపోతకి మొహాలు నిమిషాల్లో కారిపోతాయి. ముందే పూర్తిగా రిహార్సల్ చేసుకుని, టేకుకి 3 నిమిషాలు మించకుండా తీసి, మధ్యలో ఫ్యాను వేసుకోండి. కాలర్ మైకు తప్పనిసరి. ప్రతి గదిలో 30 సెకన్లు ఎవరూ మాట్లాడకుండా ఆ గది నిశ్శబ్దాన్ని కూడా రికార్డు చెయ్యండి, అతుకులు కప్పడానికి పనికొస్తుంది.

కంచంలో అన్నం ప్రతి టేకుకీ ఒకే గ్లాసుతో కొలిచి పెట్టండి. లేకపోతే ఎడిటింగ్‌లో ఒక షాట్‌లో నిండుగా, మరుసటి షాట్‌లో సగంగా కనిపిస్తుంది. ఈ కథలో అన్నం ఎంత ఉందన్నదే విషయం కాబట్టి ఆ తప్పు అందరికీ కనబడుతుంది. వేడి అన్నం పొగ కనిపించాలంటే వెనకవైపు నుంచి లైటు పడాలి, దాని వెనక ముదురు రంగు గోడ ఉండాలి. చిక్కినట్టు కనిపించడానికి నటులని పస్తు పెట్టకండి. చెంపల కింద ముదురు పౌడర్ నీడ, ఒక సైజు పెద్ద చొక్కా సరిపోతాయి. షూటింగ్ రోజు మధ్యాహ్నం ఒంటిగంటకి భోజనానికి ఆపేస్తామని కాల్ షీట్‌లో రాసి, ఆపండి.