బీపీ, షుగర్ ఉన్న నాన్నకి ఫోన్‌లో డాక్టర్ చాలా?

నాన్నగారు ఆనందపురం వైపు పల్లెలో ఒక్కరే ఉంటారు, నెలనెలా విశాఖలో కేజీహెచ్ పెద్దాసుపత్రికి తిప్పడం కష్టంగా ఉంది, ఫోన్‌లోనే డాక్టర్‌ని చూపించే సర్కారువారి ఈ-సంజీవని యాప్ పెట్టుకుంటే చాలా అని అడిగారు కదా. యాప్ కన్నా ఊళ్లో హెల్త్ సెంటర్ నయం అంటాను.

మా అత్తయ్యది పద్మనాభం మండలం. మేమూ యాప్‌తోనే మొదలుపెట్టాం. ఆవిడ దగ్గరున్నది బటన్ ఫోన్. అందుకని మా మరిది నంబర్ ఇచ్చాం. ఓటీపీ గాజువాకలో డ్యూటీలో ఉన్న అతనికి వెళ్లేది, అతను చూసుకునేసరికి టైం అయిపోయేది. తీరా కలిశాక డాక్టరమ్మ అడిగిన మొదటి ప్రశ్న, ఇవాళ బీపీ ఎంతుందని. ఇంట్లో మిషన్ ఉంటేగా! పాపం ఆవిడ మాత్రం ఏం చూసి మందు రాస్తారు?

సెంటర్‌లోనూ అదే ఈ-సంజీవని, కానీ పద్ధతి వేరు. అక్కడుండే సీహెచ్‌ఓని, అంటే కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్‌ని, మా వాళ్లంతా నర్సమ్మ అనే అంటారు. ముందు చేతికి పట్టీ చుట్టి బీపీ చూస్తుంది, వేలు గుచ్చి షుగర్ చూస్తుంది, అవి ఎక్కించాకే డాక్టర్‌కి వీడియో కలుపుతుంది. అత్తయ్య “బాగానే ఉన్నాను బాబూ” అనేస్తే, పక్కనుంచి “లేదు సార్, రాత్రి మాత్ర మానేస్తున్నారు” అని అందుకుంటుంది. నన్నడిగితే సగం వైద్యం అక్కడే జరిగిపోతుంది. స్మార్ట్‌ఫోన్ లేనివాళ్లకీ, చదువు రానివాళ్లకీ ఈ సేవ అందుతోందంటే ఆ మనిషి వల్లే.

షుగర్‌కి మెట్‌ఫార్మిన్, బీపీకి ఆమ్లోడిపిన్ లాంటివి స్టాకుంటే అక్కడే ఊరికే ఇస్తారు. లేకపోతేనే తలనొప్పి. నెట్ పోతే కాసేపు కూర్చోవచ్చు, మందు లేకపోతే మళ్లీ ఆటో ఎక్కాల్సిందే. కాబట్టి మాత్రలు అయిపోకముందే స్టాకుందో లేదో ఆశా కార్యకర్తతో ఒక మాట అడిగించండి.

ఇంకోటి. 2020 మార్చిలో వచ్చిన టెలిమెడిసిన్ (ఫోన్, వీడియోలో వైద్యం) మార్గదర్శకాల ప్రకారం, మొదటిసారి వీడియో లేకుండా ఉత్త మాటల మీద డాక్టర్ రాయగలిగే మందులు చాలా తక్కువ. ఆల్ప్రాజోలం లాంటి నిద్రమాత్రలు అసలు రాయరు. నాన్నగారికి అలాంటివేమైనా ఉంటే వాటికి మాత్రం నేరుగా వెళ్లక తప్పదు. కాలికి మానని పుండు ఉన్నా అంతే, కెమెరాలో చూపించి ఊరుకోకండి. గుండెలో నొప్పి, ఉన్నట్టుండి మాట తడబడటం, మూతి వంకర పోవడం కనిపిస్తే వీడియో కోసం ఎదురుచూడకుండా 108కి చేయాలి.

మొదటిసారి మీరే వెంట వెళ్లండి. పాత చీటీలు, వాడుతున్న మాత్రల అట్టలు, ఆధార్ ఒక కవర్‌లో పెట్టి తీసుకెళ్లండి. నంబర్ అడిగితే మీది కాదు, ఆ వేళకి ఆయన పక్కనే ఉండే పొరుగువాళ్లది ఇవ్వండి, వాళ్లు సరేనంటేనే.