ల్యూమెన్స్ సంగతి తర్వాత, ముందు కిటికీలు చూడండి

మీరు అడిగింది: వరంగల్‌లో చిన్న మ్యూజియం, అరవై మంది పట్టే హాలు, నెలకో శనివారం సైనిక చరిత్ర డాక్యుమెంటరీలు ఉచితంగా వేయాలనుకుంటున్నం, ఎన్ని ల్యూమెన్స్ ప్రొజెక్టర్ కొనాలె?

ల్యూమెన్స్ అంటే ప్రొజెక్టర్ వెలుగు కొలత, ఏఎన్‌ఎస్‌ఐ అంటే దాన్ని ప్రామాణిక పద్ధతిలో కొలిచిండ్రని. 3,500 ఏఎన్‌ఎస్‌ఐ ల్యూమెన్స్ చాలు. ఆ "ఏఎన్‌ఎస్‌ఐ" అన్న ముక్క లేకుండా డబ్బా మీద 9,000 అని రాసి ఆరేడు వేలకు అమ్మేవి వద్దు, అవి పిల్లల గదిలో కార్టూన్లకు పనికొస్తయి. 120 అంగుళాల తెర అంటే వెడల్పు 266 సెంటీమీటర్లు, ఎత్తు 149. మామూలు ఆఫీసు ప్రొజెక్టర్ త్రో రేషియో (తెర వెడల్పుకు ఎన్ని రెట్ల దూరంలో పెట్టాలె అన్న లెక్క) 1.5 దగ్గర ఉంటది, అంటే తెరకు నాలుగు మీటర్ల దూరంలో పెట్టాలె. తెర కింది అంచు నేల నుంచి కనీసం 120 సెంటీమీటర్లు ఉండాలె. లేకుంటే నాలుగో వరుస నుంచి వెనకున్నోళ్లకు ముందటోళ్ల తలకాయలే కనబడ్తయి.

అసలు ఖర్చు పెట్టాల్సింది నల్లగుడ్డ మీద. ప్రొజెక్టర్ నలుపును వేయలేదు. వెలుగు పడని చోటే నలుపు. వెంటిలేటర్ నుంచి ఒక చార ఎండ తెర మీదికి వచ్చిందంటే పాత బ్లాక్ అండ్ వైట్ ఫిల్ములో కందకం, కందకంలో సిపాయి, వెనక ఆకాశం అన్నీ ఒకే బూడిద రంగయితయి. అప్పుడు 5,000 ల్యూమెన్స్ పెట్టినా అంతే. కిటికీలకు రెండు పొరల నల్లగుడ్డ, తలుపు మీది వెంటిలేటర్‌కు అట్ట. అది కాదంటే టైము మార్చండి: డిసెంబర్‌లో ఆరింటికి చీకటి పడ్తది, మే నెలలో ఏడు దాటాలె. మధ్యాహ్నం మూడింటికి పెట్టి "జనం మధ్యలోనే లేచిపోతున్నరు" అంటే తప్పు జనానిది కాదు.

ఇంకోటి, కరెంటు. లాంప్ ప్రొజెక్టర్ వేడిగా ఉన్నప్పుడు కరెంటు పోతే ఫ్యాన్ కూడా ఆగిపోతది, లాంప్ ఆయుష్షు తగ్గుతది. తిరిగి వచ్చినంక చల్లారేదాకా వెలగదు కూడా. ప్రొజెక్టర్, ల్యాప్‌టాప్ కలిపి నాలుగు వందల వాట్లు దాటవు, ఒక కేవీఏ ఇన్వర్టర్ సరిపోతది. కానీ ఇన్వర్టర్ వెనక చిన్న స్విచ్ ఉంటది, దాన్ని యూపీఎస్ మోడ్‌లో పెట్టాలె. మామూలు మోడ్‌లో మారే ఆ క్షణం గ్యాప్‌కే ప్రొజెక్టర్ ఆగి మళ్లా మొదటి నుంచి మొదలయితది. యాంప్లిఫయర్‌ను మాత్రం ఆ ఇన్వర్టర్ మీద వేయకండి.

సౌండ్‌లో గుయ్యిమని హమ్ వస్తే ల్యాప్‌టాప్ ఛార్జర్ పీకి చూడండి. ఆగిపోయిందా, అది ఎర్తింగ్ లూపు, అంటే రెండు చోట్ల ఎర్తింగ్ కలిసి వచ్చే గోల. కొన్ని వందల రూపాయల ఆడియో ఐసొలేటర్‌తో పోతది. అసలు సౌండే రాకుంటే హెచ్‌డీఎంఐ తగిలించంగనే అది ప్రొజెక్టర్ స్పీకర్‌కు పోయి ఉంటది, ల్యాప్‌టాప్‌లో అవుట్‌పుట్ మార్చాలె. టైల్స్ నేల, సిమెంటు గోడలున్న హాల్లో మాట మోగి ముద్దయితది. ఖరీదైన స్పీకర్లు కాదు, నేల మీద రెండు జంపఖానాలు పరవండి.

మ్యూజియంల వాళ్లు ఎక్కువగా చేసే తప్పొకటి చెప్పాలె. పాత ఫిల్మ్ 4:3 కొలతలో (వెడల్పు నాలుగైతే ఎత్తు మూడు) ఉంటది. తెర నిండాలని దాన్ని 16:9కు సాగదీస్తరు. సిపాయిలు పొట్టిగా లావుగా, ట్యాంకులు బస్సుల్లాగ కనబడ్తయి. పక్కల నల్ల పట్టీలుంటే ఉండనీయండి. మొదటి ప్రపంచ యుద్ధం నాటి మూకీ ఫిల్ములు సెకనుకు దాదాపు 16, 18 ఫ్రేములతో తీసినవి. 24తో నడిపితే సైన్యం గబగబ ఉరుకుతది, పిల్లలు నవ్వుతరు. చావబోయే మనుషుల్ని చూసి నవ్వించడానికా మనం ఇంత కష్టపడేది? వీఎల్‌సీ ప్లేయర్‌లో స్పీడు 0.7కు తగ్గించండి.

తెలుగు సబ్‌టైటిల్స్ వేస్తే ఫైలు యూటీఎఫ్-8లో (తెలుగు అక్షరాలను సరిగ్గా దాచే పద్ధతి) సేవ్ చేసి, ప్లేయర్‌లో తెలుగు ఫాంటు ఎంచుకోవాలె, లేకుంటే పెట్టెలు పెట్టెలుగా వస్తది. నన్నడిగితే సబ్‌టైటిల్స్ కన్నా మనిషి మేలు. ఇంగ్లిష్ కామెంటరీ తగ్గించి, ఆపుకుంట ఆపుకుంట ఒకరు తెలుగులో చెప్పాలె, ఒగ్గు కథలో కథకుడు ఆగి అర్థం చెప్పినట్టు. యాభై నిమిషాల ఫిల్ము గంటన్నర అయితది, కానివ్వండి. ఆ టైము ఎక్కడి నుంచి తేవాలె అంటరా? ముఖ్య అతిథి, దీపం, శాలువాలు తీసేస్తే నలభై నిమిషాలు మిగుల్తయి.

"ఉచితమే కదా, పర్మిషన్ ఎందుకు" అనేది పెద్ద భ్రమ. 1957 కాపీరైట్ చట్టంలో అమెచ్యూర్ క్లబ్బుల ఉచిత ప్రదర్శనకిచ్చిన మినహాయింపు రచన, నాటకం, సంగీతాలకే, సినిమాకు లేదు. బడిలో పిల్లలు, టీచర్లు, తల్లిదండ్రుల వరకే వేస్తే వేరే మినహాయింపుంది. మ్యూజియం తలుపు తెరిచి అందర్నీ పిలిస్తే అది వర్తించదు. మన దగ్గర సినిమా హక్కు విడుదలైన ఏడాది దాటినంక 60 ఏళ్లు. 1962లో విడుదలైన న్యూస్‌రీల్ 2023 జనవరి నుంచి స్వేచ్ఛగా వాడుకోవచ్చు. 1971 నాటిది 2031 చివరిదాకా ఆగాలె. సర్కారు డాక్యుమెంటరీలు, న్యూస్‌రీళ్లు తీసిన ఫిల్మ్స్ డివిజన్ 2022లో ఎన్‌ఎఫ్‌డీసీలో (జాతీయ చలనచిత్రాభివృద్ధి సంస్థ) కలిసింది, వాటికి ఉత్తరం అక్కడికే రాయాలె. డాక్యుమెంటరీ అయినా బహిరంగ ప్రదర్శనకు సెన్సార్ సర్టిఫికెట్ కావాలె. యూట్యూబ్ నుంచి నేరుగా తెర మీద వేయడం వాళ్ల నిబంధనల్లోనే కుదరదు, మధ్యలో పప్పుల పొడి యాడ్ వస్తే ఆ పరువు వేరే.

ఇప్పుడు మీరు అడగనిది. ఏం వేస్తున్నరో చూసి వేయండి. 1916 ఆగస్టులో బ్రిటన్‌లో సోమ్ యుద్ధం (మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్‌లో జరిగిన పోరు) మీద ఒక సినిమా విడుదలయింది, అప్పటికి ఆ పోరు ఇంకా నడుస్తనే ఉంది. అందులో సైనికులు కందకం నుంచి పైకెక్కి ముందుకు పోయే దృశ్యం ఇప్పటికీ డాక్యుమెంటరీల్లో తిరుగుతనే ఉంటది. దాన్ని అక్కడ ఆపండి. నిజమైన దాడిలో వీపున మోయాల్సిన సామాను వాళ్ల మీద కనబడదు. కెమెరా శత్రువు తుపాకులకు ఎదురుగా నిలబడి ఉంది, అయినా అదరలేదు. ఎందుకంటే దాన్ని యుద్ధభూమి వెనక శిక్షణ స్థలంలో తీసిండ్రు. అదే సినిమాలో గాయపడ్డోళ్లను మోసుకొచ్చే దృశ్యాలు నిజమైనవి. రెండూ పక్కపక్కన చూపించి "ఏది నిజం, ఎట్ల తెలుస్తది?" అని అడగండి, ఇంటర్ పిల్లలు పది నిమిషాల్లో పట్టేస్తరు. ఆ ప్రశ్న లేకుండా నెలకో ఫిల్ము వేసుకుంట పోవడం వట్టి టైంపాసు.

మన ఊరి యుద్ధాలకు ఫిల్ము లేదు, గోడలున్నయి. 1310లో ఢిల్లీ సుల్తాను సేనాని మాలిక్ కాఫూర్ ఓరుగల్లును ముట్టడించిన వైనం ఢిల్లీ కవి అమీర్ ఖుస్రో రాసిండు: మంజనీకు (రాళ్లు విసిరే యంత్రం) రాళ్లు తగిలితే మట్టికోట పగలలేదట, పిల్లలు ఆడుకునే కాయలు ఎగిరిపడ్డట్టు ఎగిరి పడ్డయట. కవి మాటలో అతిశయం ఉంటది, కానీ లెక్క సరిగానే ఉంది. రాయి దెబ్బకు బిగుసుకున్న గోడ పగుల్తది, మట్టి దెబ్బను మింగుతది. అందుకే కాఫూర్ సైన్యం అగడ్తను మట్టితో పూడ్చుకుంట రావాల్సి వచ్చింది. ఆ ఏడు ప్రతాపరుద్రుడు సంధి చేసుకున్నడు, కోట పడ్డది 1323లో. రాతికోట వ్యాసం సుమారు 1.2 కిలోమీటర్లు, మట్టికోటది 2.4. రోడ్లు కోసుకపోయిన ఆ మట్టికోట కట్ట మీద నిలబడి రాతికోట దిక్కు చూస్తే ముట్టడి ఏ తెర మీదా కనబడనంతగా అర్థమయితది.

కాబట్టి శనివారం ఫిల్ము, ఆదివారం పొద్దున ఆరున్నరకు కట్ట మీద నడక. కోటలోపల ఖుష్ మహల్ దగ్గర తెర కట్టాలని మాత్రం ఆశ పడకండి, రక్షిత కట్టడంలో సభ పెట్టాలంటే పురావస్తు శాఖ రాతపూర్వక అనుమతి ఉండాలె. నడకకు వచ్చేటోళ్లకు చెప్పులొద్దు, బూట్లు వేసుకోమని ముందే చెప్పండి. ఆ గడ్డ మీద పల్లేరుగాయలు మస్తుగుంటయి.