అమ్మాయ్, ఆ రికార్డులను ఇంకా ప్లే చెయ్యకు

చిరంజీవి మేనకోడలికి,

మావయ్య ఆశీస్సులు. మిస్సోరిలో ఎస్టేట్ సేల్‌లో (ఇంటి సామానంతా అమ్మేచోట) నువ్వు కొన్న పాత రికార్డుల పెట్టె ఫొటోలు చూశాను. ఓ మూల పాత గ్రామఫోన్ కూడా కనిపించింది. షోకేసులో పెట్టుకో గానీ, ఈ రికార్డులను మాత్రం దాని మీద తిప్పకు. దాని స్టీలు ముల్లు తిరిగిన ప్రతిసారీ గాడిని అరగదీస్తుంది.

ఆ కొలంబియా డిస్కుల లేబుల్ మీద ‘పియానో సోలో’ అని ఉంది చూడు, అదే అసలు విశేషం. ర్యాగ్‌టైమ్ అంటే ఎదురు తాళంతో నడిచే పాత అమెరికన్ సంగీతం. అది పియానో సంగీతమే అయినా తొలిరోజుల్లో ఎక్కువగా రికార్డయింది బాంజో మీద, బ్యాండు మీద. 1925 దాకా మైకుల్లేవు. కొమ్ము ముందు కూర్చుని వాయించాలి, అందులో పియానో నాదం డొల్లగా పడేది. ర్యాగ్‌టైమ్ స్వరకర్త స్కాట్ జాప్లిన్ రాసిన ‘మేపుల్ లీఫ్ ర్యాగ్’ 1899లో అచ్చయింది, 1906లో అమెరికా మెరైన్ బ్యాండు రికార్డు చేసింది. జాప్లిన్ 1917లో పోయేనాటికి ఆయన సొంత డిస్కు ఒక్కటీ లేదు. 1916 నాటి కొన్ని పియానో రోల్స్ (పియానో తనంతట తానే వాయించేలా చిల్లులు పొడిచిన కాగితపు చుట్టలు) ఉన్నాయి, వాటినీ కంపెనీల్లో దిద్దేవాళ్లు. పియానిస్టు మైక్ బెర్నార్డ్ 1912లో కొలంబియాకు వాయించినవి తొలి ర్యాగ్‌టైమ్ పియానో డిస్కుల్లో లెక్క. అందుకే గీతలు పడ్డాయని దేన్నీ పక్కన పడెయ్యకు.

ముందు శుభ్రం చెయ్యడం సంగతి. ఆ డిస్కుల్లో ఉన్నది లక్క. మన వడ్రంగులు లక్కను స్పిరిట్‌లో కరిగించే కదా పాలిష్ వేసేది! కాబట్టి స్పిరిట్, శానిటైజర్ దగ్గరికి రానివ్వకు. డిస్టిల్డ్ వాటర్‌లో చుక్క మైల్డ్ డిటర్జెంట్ వేసి, లేబుల్ తడవకుండా మెత్తని బ్రష్‌తో కడిగి, మళ్లీ మంచినీళ్లతో తుడువు. మందంగా ఉన్న ఎడిసన్ డిస్కుకు మాత్రం నీళ్లు తగలకూడదు, తడి తగిలితే లోపలి సరుకు ఉబ్బుతుంది. నీలం సిలిండర్ల (గొట్టంలా ఉండే ఎడిసన్ రికార్డుల) లోపలిది ప్లాస్టర్, అదీ ఉబ్బే రకమే. యంత్రానికి ఎక్కకపోతే బలవంతంగా తొయ్యకు. లోపల రెండు వేళ్లు చాపి పట్టుకో, పైభాగం ముట్టుకోకు. సిలిండర్లను ఇంట్లో ప్లే చేసే ఆలోచన మానుకో, ఆర్కియోఫోన్ లాంటి, సిలిండర్ల కోసమే చేసిన ఎలక్ట్రికల్ యంత్రం ఉన్నచోట చేయించు.

డిస్కులను కంప్యూటర్‌లోకి ఎక్కించడం నువ్వే చెయ్యొచ్చు. ఎల్పీ (తర్వాతి కాలపు వినైల్ రికార్డు) ముల్లు సన్నం, ఈ గాడి అడుగున కొట్టుకుంటుంది. 78 రికార్డుల (నిమిషానికి 78 చుట్లు తిరిగేవి) కోసం చేసిన మూడు మిల్స్ (అంగుళంలో వెయ్యోవంతులు) ముల్లు కొను. ముల్లు బిగించే కార్ట్రిడ్జ్ మాత్రం స్టీరియోదే ఉండాలి. ఎడిసన్ డిస్కులో ముల్లు పైకీ కిందికీ కదులుతుంది, మోనోది దాన్ని పట్టుకోలేదు.

తర్వాత స్పీడు. 78 అన్నది పేరుకే. ఎడిసన్ డిస్కులు 80, కొలంబియావీ చాలావరకు అంతే. 80 రికార్డును 78లో తిప్పితే శ్రుతి దాదాపు పావు స్వరం దిగుతుంది, నడక కూడా మందగిస్తుంది. అచ్చయిన స్వరపత్రం దొరికితే అందులోని శ్రుతితో పోల్చి చూసుకో. మేపుల్ లీఫ్ అయితే ఏ ఫ్లాట్.

నేను గట్టిగా చెప్పేది ఈ ఒక్క విషయమే. ముందు ఉన్నది ఉన్నట్టుగా, చిటపటలతో సహా, 24 బిట్, 96 కిలోహెర్ట్జ్ వేవ్ ఫైలుగా తీసి దాచు. ఫిల్టర్లు దాని కాపీ మీద ఆడుకో. సాఫ్ట్‌వేర్‌కు గీత చప్పుడుకీ, తీగ మీద సుత్తి పడ్డ దెబ్బకీ తేడా సరిగ్గా తెలియదు. ర్యాగ్‌లో ఎడమచెయ్యి తాళం కొడుతుంటే కుడిచెయ్యి ఎదురు పడుతుంది, ఆ పదునంతా ఆ దెబ్బలోనే ఉంది. చిటపటలన్నీ తీసేసి నున్నగా చేసిన ట్రాన్స్‌ఫర్లు చాలా విన్నాను, లిఫ్టులో వచ్చే సంగీతంలా ఉంటాయి. దానికంటే గీకుడే నయం.

లేబుల్‌తో పాటు, దాని చుట్టూ ఖాళీలో చెక్కిన మ్యాట్రిక్స్ నంబరునూ (ఆ రికార్డింగుకు కంపెనీ ఇచ్చిన గుర్తు) ఫొటో తియ్యి. శాంటా బార్బరా యూనివర్సిటీ వాళ్ల ఆన్‌లైన్ డిస్కోగ్రఫీలో (రికార్డుల జాబితాలో) ఆ నంబరు వెతికితే, నమోదై ఉన్నదాని తేదీ కూడా తెలుస్తుంది. 1923కు ముందు విడుదలైన రికార్డులకు అమెరికాలో 2022 జనవరి 1తో హక్కులు ముగిశాయి, నలుగురికీ వినిపించడానికి జంకక్కర్లేదు.

పగిలిన డిస్కుకు టేపు అంటించకు. ముక్కలన్నీ ఒక కవరులో పెట్టి నాకు చెప్పు. పియానో రోల్స్ సంగతి ఫోన్‌లో మాట్లాడదాం. ఈలోగా ఆ పెట్టెను గరాజ్‌లోంచి తీసి ఇంట్లో చల్లగా ఉన్న గదిలోకి చేర్చు, డిస్కులను పడుకోబెట్టకుండా నిలువుగా పెట్టు.

ఉంటాను,
మావయ్య