ఆ రెండోది ఆడది కాదు

తమ్ముడికి,

నీ వ్యాసం అందింది. వేపచెట్టు మొదట్లో ఎర్రతల తొండలు రెండు పెనవేసుకున్న చోట ఆగిపోయాను. కాసేపటికి రెండోది ‘సిగ్గుపడి’ కిందికి దిగిపోయిందనీ, పోతూ పోతూ దాని తల మీది ఎరుపంతా దిగి మట్టిరంగుకు వచ్చేసిందనీ రాశావు. రంగు అలా దిగిపోవడం చాలామంది కంట పడదు. నీ కంట పడింది. కానీ ఆ రెండోది ఆడది కాదు. అక్కడ జరిగింది సరసం కాదు, కొట్లాట.

ఎండలు ముదిరి వానలు పడే రోజుల్లో మగ తొండకు తల, భుజాలు ఎర్రబడతాయి. గొంతు పక్కన నల్లమచ్చ తేలుతుంది. కంచెరాయో, చెట్టు మోడో, గోడ అంచో, ఏదో ఒక ఎత్తయిన చోటు చూసుకుని ముందుకాళ్ల మీద లేచి పడుతూ తల ఆడిస్తుంది. ఇంకో మగది వచ్చి వెనక్కి తగ్గకపోతే మూతులు పట్టుకుని కొరుక్కుంటాయి, తోసుకుంటాయి. ఓడినదాని ఎరుపు చూస్తుండగానే దిగిపోతుంది. అంటే నువ్వు చూసింది ఓటమి. దాని చెట్టు పోయింది, ఆ చెట్టుతో పాటు జత దొరికే అవకాశమూ పోయింది. నీ కళ్లు నీకు నిజమే అందించాయి. నీ వాక్యం దాన్ని పెళ్లిచూపులు చేసింది.

నా దగ్గరికి వచ్చే ప్రతి కుర్రవాడికీ ఇదే చెబుతాను: జంతువు ఏం చేసిందో ముందు రాయి. తల ఎన్నిసార్లు ఊపింది, ఎటు తిరిగి ఊపింది, ఎదుటిది ఏం చేసింది, ఎవరు ముందు కదిలారు? ఇవన్నీ రాశాక నీకు ఏమనిపించిందో రాయాలనిపిస్తే రాయి, అప్పటికి చాలాసార్లు అవసరం ఉండదు. ఇప్పుడు వచ్చే ప్రకృతి వ్యాసాల్లో సగానికి పైగా ‘అనిపించింది’తోనే మొదలవుతున్నాయి. చదివితే రాసినవాడి మూడ్ తెలుస్తుంది గానీ తొండ తోక ఎంత పొడుగో తెలియదు. నాకు ఇది నిజంగా బాధ.

శీర్షికలో ఊసరవెల్లి అన్నావు, అది మార్చు. తొండ ముదిరితే ఊసరవెల్లి అవుతుందని సామెత ఉందంతే, అవదు. ఊసరవెల్లి వేరే జీవి. దాని కళ్లు ఒక్కొక్కటీ ఒక్కో వైపు తిరుగుతాయి, తోక కొమ్మకు చుట్టుకుంటుంది. నీ వ్యాసంలో అలాంటిదేమీ లేదు.

ఇక నాకు కోపం తెప్పించిన సంగతి. ఇన్ని పేజీల్లో ఆడ తొండ ఎక్కడా లేదు. తొలకరి పడ్డాక తడి మట్టి చూసుకుని అది చెట్టు దిగుతుంది. ముందుకాళ్లతో ఒకదాని తర్వాత ఒకటిగా మట్టి లాగుతుంది. ఆగి, తలెత్తి చూస్తుంది. మళ్లీ తవ్వుతుంది. గుంట తయారయ్యాక వెనక్కి తిరిగి కూర్చుని గుడ్లు పెడుతుంది. చాలాసార్లు 10కి పైనే ఉంటాయి, తెల్లగా, మెత్తటి తోలులాంటి పెంకుతో. తర్వాత మట్టి కప్పి మూతితో కూరుతుంది. మూతి నిండా మట్టి అంటుకుని ఉండగానే వెళ్లిపోతుంది. మళ్లీ రాదు. నెలన్నర దాటాక పిల్లలు వాటంతట అవే బయటికొస్తాయి.

రాయడం మొదలుపెట్టిన కొత్తలో ఈ తవ్వకం మీదే ఒక వ్యాసం రాశాను. పగలు ఉద్యోగం, సెలవొస్తే ఎండలో కూర్చోవడం, రాత్రి రాసుకోవడం. ఒక వారపత్రిక ఎడిటర్ ఆ తవ్వకం మొత్తం కొట్టేసి, మగదాని ఎరుపు ఉన్న పేరా మాత్రం ఉంచి, పైన ప్రేమ అనే మాటతో శీర్షిక పెట్టి అచ్చువేశాడు. వెళ్లి అడిగితే, “ఆడదానికి రంగు లేదు కదండీ, పాఠకుడు ఏం చూస్తాడు?” అన్నాడు. ఆ మాట నాకు ఇప్పటికీ మింగుడుపడలేదు. తర్వాత చాలాకాలం నా తొండల్ని ఏ పత్రికా తీసుకోలేదు. కథలు రాసి నెట్టుకొచ్చాను. ఇప్పటికీ అంతే, ఎర్రతల క్లోజప్ ఫొటో ఉంటే చాలు, కింద ఏం రాసినా పడుతుంది.

రంగు గురించే రాయాలనుకుంటే గుట్టల మీది రాతి తొండల దగ్గరికి వెళ్లు. ఆడది ఎదురైతే మగదాని వీపు ఎర్రగా, పక్కలు నల్లగా ఉంటాయి. అదే ఇంకో మగది ఎదురైతే వీపు పసుపుకి, పక్కలు నారింజకి మారతాయి. బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ పరిశోధకులు దీన్ని చూసి నమోదు చేశారు. రంగు చూసి ఎదుట ఎవరున్నారో చెప్పొచ్చన్నమాట. ఎండ కాస్త వేడెక్కాక వెళ్లు, బైనాక్యులర్ పట్టుకెళ్లు, నీ నీడ రాయి మీద పడకుండా కూర్చో. ఫొటో కోసం వెంటపడకు. అది సందులో దాక్కున్నంతసేపూ దాని రాయి ఖాళీగా ఉంటుంది, పక్క రాయి మీది మగది చూస్తూనే ఉంటుంది.

కలం పేరు సంగతి, ఏ పత్రికకు పంపాలన్న సంగతి తర్వాత.

చివరి పేరాలో ఉడుములు రెండు వెనకకాళ్ల మీద లేచి పెనుగులాడటం బాగా రాశావు. కానీ ఊరి పేరు, చెరువు పేరు, పుట్ట గట్టుకు ఏ వైపు ఉందో కూడా రాశావు. ఉడుము 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూల్ జంతువు, అంటే అన్నిటికన్నా గట్టి రక్షణ ఉన్న జాబితాలోది. అయినా మాంసానికి పట్టేవాళ్లున్నారు. మగ ఉడుము జననాంగం ఎండబెట్టి, అదృష్టం తెచ్చే వేరంటూ ‘హత్తా జోడీ’ పేరుతో అమ్ముకునేవాళ్లూ ఉన్నారు. వాళ్లకి నీ వ్యాసమే దారి చూపిస్తుంది. ఆ మూడూ కొట్టేసిన ప్రతి పంపు, మిగతాది అప్పుడు మాట్లాడదాం. ఎవరికైనా ఇప్పటికే పంపి ఉంటే ఈ రోజే ఫోన్ చేసి ఆపించు.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య