టెక్ సందేహాలు: సైరన్ మోగుతున్నా బండి ఎందుకు స్టార్ట్ అవుతోంది?

ప్రశ్న: నాది 2003 నాటి వంద సీసీ కిక్ బైకు. దొంగల భయంతో అలారం కొని నేనే బిగించుకున్నాను. ఇంజిన్‌ను ఆపే రిలేను (చిన్న కరెంటుతో పనిచేసే స్విచ్చును) తాళం దగ్గరి పాజిటివ్ తీగను కత్తిరించి మధ్యలో కలిపాను. సైరన్ మోగుతోంది కానీ, కిక్ కొడితే ఇంజిన్ మామూలుగానే స్టార్ట్ అవుతోంది. రిలే పాడైందా? (ఖమ్మం నుంచి ఒక పాఠకుడు)

జవాబు: రిలే బాగానే ఉండి ఉంటుంది. మీరు తెంచిన తీగతో ఇంజిన్‌కు పనే లేదు. ఆ తరం బైకుల్లో చాలావాటికి ఏసీ సీడీఐ (ప్లగ్‌కు నిప్పురవ్వ అందించే పెట్టె) ఉంటుంది. ప్లగ్‌లో నిప్పురవ్వకు కావలసిన కరెంటు బ్యాటరీ నుంచి రాదు. ఇంజిన్‌తో పాటు తిరిగే అయస్కాంతం వల్ల మ్యాగ్నెట్ కాయిల్‌లో పుట్టి నేరుగా సీడీఐకి చేరుతుంది. బ్యాటరీ పూర్తిగా దిగిపోయినా మీ బండి కిక్‌తో స్టార్ట్ అవుతుంటే అది ఈ రకమే.

వీటిలో తాళం పనిచేసే తీరు వేరు. ఇంట్లో స్విచ్చు ఆపితే తీగ విడిపోతుంది. ఇక్కడ తాళం ఆపితే సీడీఐ నుంచి వచ్చే ఒక తీగ ఎర్త్‌కు (బండి ఫ్రేముకు) కలుస్తుంది, నిప్పురవ్వ ఆగిపోతుంది. అలారం కూడా అదే పని చేయాలి: తెంచకూడదు, కలపాలి.

హోండా పద్ధతి వైరింగ్‌లో ఆ తీగ నలుపు మీద తెల్ల గీతతో ఉంటుంది, ఎర్త్ ఆకుపచ్చ. రంగును మాత్రమే నమ్మకండి. ఇంజిన్ ఆపి, మల్టీమీటర్‌ను బీప్ మోగే స్థానంలో పెట్టండి. ఒక మొనను ఆ తీగకు, రెండోదాన్ని ఫ్రేము మీద రంగు లేని బోల్టుకు ఆనించండి. తాళం ఆఫ్‌లో ఉంటే బీప్ వినిపించాలి, ఆన్ చేయగానే ఆగాలి. ఈ రెండూ జరిగితే తీగ దొరికినట్టే.

ముందు మీరు కత్తిరించిన పాజిటివ్ తీగను మళ్లీ కలిపేయండి. ఇప్పుడు దొరికిన తీగను కోయకుండా, దాని నుంచి ఒక కొమ్మ తీసి రిలే 30కి ఇవ్వండి (ఈ అంకెలు రిలే కాళ్ల పక్కనే రాసి ఉంటాయి). 87ను ఎర్త్‌కు కలపండి, 87ఏను ఖాళీగా వదిలేయండి. 86కు బ్యాటరీ పాజిటివ్‌ను చిన్న ఫ్యూజు ద్వారా ఇచ్చి, 85ను అలారంలో ఇంజిన్ ఆపే తీగకు కలపండి. ఇది అలారం నెగెటివ్ ఇచ్చే రకమైతేనే. రిలే కాయిల్‌కు అడ్డంగా, అంటే 85, 86 మధ్య, 1ఎన్4007 డయోడు (కరెంటును ఒకే వైపు పోనిచ్చేది) పెట్టండి, గీత ఉన్న వైపు 86కు రావాలి. ఇంజిన్ తిరుగుతున్నప్పుడు సీడీఐ నుంచి వచ్చే ఆ తీగలో వంద వోల్టులు దాటే కరెంటు ఉంటుంది. ఒట్టి చేత్తో తాకకండి, అలారం బోర్డుకు నేరుగా కలపకండి. అతుకులకు టంకం పెట్టి స్లీవ్ తొడగండి. ఒట్టి టేపు ఎండకు జిగురు కారి ఊడిపోతుంది.

ప్రశ్న: 2021లో కొన్న బైకుకూ ఇలాగే చేయవచ్చా?

జవాబు: వద్దు. 2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన బీఎస్-6 (కొత్త కాలుష్య ప్రమాణం) బైకులు చాలావరకు ఇంజెక్షన్‌వి, అంటే కార్బురేటర్ లేకుండా పెట్రోలును చిమ్మేవి. వాటి ఈసీయూ (ఇంజిన్‌ను నడిపించే చిన్న కంప్యూటర్) బ్యాటరీ కరెంటుతో నడుస్తుంది. అక్కడ తెంచడమే పద్ధతి, 30కీ 87ఏకీ మధ్య. వారంటీ ఉన్నంతకాలం అసలు వైరింగ్‌ను కోయవద్దనే నా సలహా. డిస్క్ లాక్ కొనండి.

ప్రశ్న: అలారం పెట్టినప్పటి నుంచి వారానికోసారి బ్యాటరీ దిగిపోతోంది. ఎందుకు?

జవాబు: లెక్క వేసి చూడండి. అలారం నిద్రలో 20 మిల్లీ ఆంపియర్లు తాగినా రోజుకు దాదాపు అర ఆంపియర్-అవర్. 4 ఆంపియర్-అవర్ల బ్యాటరీ ఎనిమిది రోజులకు ఖాళీ. రిలే కాయిల్ ఒక్కటే 130 మిల్లీ ఆంపియర్ల దాకా లాగుతుంది. అది ఆగకుండా పట్టి ఉంటే సుమారు 30 గంటలకే ఆ బ్యాటరీ చచ్చిపోతుంది. సైరన్ మోగినప్పుడు మాత్రమే రిలే పట్టాలి. దొంగ మళ్లీ కిక్ కొడితే ఆ కుదుపుకు అలారం మళ్లీ మేల్కొంటుంది కాబట్టి భయం లేదు.

ప్రశ్న: ఫోను నుంచి ఎక్కడున్నా ఇంజిన్ ఆపే జీపీఎస్ పరికరం మంచిదేనా?

జవాబు: బండి ఎక్కడుందో చూపడానికి మంచిదే. నడుస్తున్న బండిని ఆపడానికి మాత్రం వాడకండి. లారీ ముందు ఇంజిన్ ఒక్కసారిగా ఆగితే బండి మీద ఉన్నవారు దొంగో, అడిగి తీసుకెళ్లిన మీ తమ్ముడో ఆ లారీకి తెలియదు. మామూలు అలారానికీ ఈ ప్రమాదం ఉంది. అందుకే దాని ఇగ్నిషన్ గుర్తింపు తీగను (తాళం ఆన్‌లో ఉందని అలారానికి చెప్పేది) తాళం తర్వాతి పాజిటివ్‌కు తప్పక కలపండి. పని అయ్యాక బండిని సెంటర్ స్టాండ్ మీద నిలిపి, ఇంజిన్ తిరుగుతుండగా రిమోట్‌లో లాక్ బటన్ నొక్కండి, సీటును గట్టిగా కుదపండి. ఇంజిన్ ఆగిందంటే ఆ రిలేను విప్పేసిన తర్వాతే బండిని రోడ్డెక్కించండి.