40 ఈమెయిళ్లకూ జవాబు ఎందుకు రాలేదు?

ప్రశ్న: కణ జీవశాస్త్రంలో పీహెచ్‌డీ థీసిస్‌ను మరో 4 నెలల్లో సమర్పించబోతున్నాను. విదేశాల్లో పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాత చేసే పరిశోధన ఉద్యోగం) కోసం 40 మంది ప్రొఫెసర్లకు ఈమెయిల్ పంపితే ఇద్దరు ఖాళీలు లేవన్నారు, తక్కినవారు పలకనేలేదు. నా అర్హతలు చాలవా? ఫెలోషిప్‌లకు ఇప్పటికే ఆలస్యమైందా? నేను పంపిన ఈమెయిల్ జతపరుస్తున్నాను.
– ఒక పాఠకురాలు

జవాబు: మీ ఈమెయిల్‌ను రెండుసార్లు చదివాను. ‘మీ ప్రయోగశాలలో జరుగుతున్న గొప్ప పరిశోధన నన్ను ఆకర్షించింది’ అన్నారు గానీ, ఆ పరిశోధన ఏమిటో ఎక్కడా రాయలేదు. పేరు మారిస్తే అది ఎవరికైనా సరిపోతుంది, ఆ సంగతి అందుకున్నవారికి మొదటి రెండు పంక్తుల్లోనే తెలిసిపోతుంది. అందువల్ల ఈ మౌనాన్ని చూసి మీ అర్హతలను శంకించుకోవద్దు.

ఐదారు ప్రయోగశాలలను మాత్రమే ఎంచుకుని, ఒక్కొక్కరి ఇటీవలి పరిశోధన పత్రాలు రెండు మూడైనా క్షుణ్ణంగా చదవండి. మీ థీసిస్ కణాలకు శక్తినందించే మైటోకాండ్రియా విభజన మీద కదా. నాడీకణాల్లో మైటోకాండ్రియా కదలికను కొలిచే బృందానికి రాసేటప్పుడు, ‘మీ పత్రంలోని మూడో చిత్రంలో కదలిక ఆగిన చోటనే విభజన జరిగినట్లు కనిపిస్తోంది; బతికున్న కణాల్లో విభజనను మైక్రోస్కోపు కింద చిత్రీకరించడం నాకు బాగా అలవాటు కాబట్టి, ఈ రెండింటికీ సంబంధం ఉందేమో పరీక్షించాలని ఉంది’ అన్నారనుకోండి, చదివేవారికి మీరు చేయగలిగిన పని కళ్లకు కడుతుంది. ఎప్పుడు చేరగలరో, ఏ ఫెలోషిప్‌కు దరఖాస్తు చేయదలిచారో కూడా ఆ ఈమెయిల్‌లోనే చెప్పండి. ప్రొఫెసర్ దగ్గరున్న గ్రాంటు డబ్బు చాలాసార్లు ముందే ఇతరుల జీతాలకు కేటాయించి ఉంటుంది గనుక, సొంత ఫెలోషిప్‌కు ప్రయత్నిస్తానన్న మాటకు బరువు ఎక్కువ.

ఫెలోషిప్‌లకు సమయం మించిపోలేదు. ఐరోపా సమాఖ్య ఇచ్చే మేరీ స్క్వదోవ్‌స్కా క్యూరీ ఫెలోషిప్‌కు గడువు సాధారణంగా సెప్టెంబరులో ముగుస్తుంది. ఆనాటికి పీహెచ్‌డీ పూర్తయి ఉండాలి, వెళ్లదలచిన దేశంలో అంతకు ముందరి 36 నెలల్లో 12 నెలలకు మించి ఉండి ఉండకూడదు. జర్మనీలోని హంబోల్ట్ ఫౌండేషన్, డాక్టరేట్ వచ్చి నాలుగేళ్లు దాటనివారిని పోస్ట్‌డాక్ స్థాయిలో పరిగణిస్తుంది. దేనికైనా మిమ్మల్ని చేర్చుకునే ప్రొఫెసర్ అంగీకారం ముందుగా కావాలి, ప్రతిపాదనను వారితో కలిసి తీర్చిదిద్దడానికి రెండు మూడు నెలలు ఇట్టే గడిచిపోతాయి. ఫలితం రావడానికి మరికొన్ని నెలలు పడుతుంది కాబట్టి, థీసిస్ సమర్పించాక ఆ మధ్యకాలంలో ప్రస్తుత ప్రయోగశాలలోనే కొనసాగే వీలుందేమో మీ గైడ్‌ను ఇప్పుడే అడగండి. అడగడానికి మొహమాటపడి చివరికి జీతం లేకుండా మిగిలిపోయినవారిని చూశాను. మీకు ఆ ఇబ్బంది రాకూడదు.

సిఫార్సు లేఖలను పెద్ద పదవిలో ఉన్నవారికన్నా, మీరు ప్రయోగాలు చేస్తుండగా దగ్గరుండి చూసినవారి నుంచి తీసుకోవడమే మేలు.

అవకాశం వచ్చాక ఒప్పుకునే ముందు, ఆ బృందం నుంచి బయటికి వెళ్లిన ఇద్దరు ముగ్గురితో విడివిడిగా మాట్లాడండి. ఎన్నేళ్లకు పత్రం వెలువడింది, మొదటి రచయితగా ఎవరి పేరు ఉండాలో ఎలా తేల్చారు, వెళ్లేటప్పుడు తమ ప్రాజెక్టును వెంట తీసుకువెళ్లనిచ్చారా అని అడిగితే, ఇంటర్వ్యూలో బయటపడని సంగతులు ఎన్నో తెలుస్తాయి.