కన్సల్టెంటును దేనిని బట్టి ఎంచుకోవాలి?

ప్రశ్న: జీడిమెట్లలో మాకు చిన్న మెషినింగ్ యూనిట్ ఉంది. పంపులు, వాల్వులు తయారుచేసే కంపెనీలకు షాఫ్టులు, బుష్‌లు చేసి ఇస్తాము. ఆర్డర్లకు లోటు లేదు గాని, చెప్పిన తేదీకి సరుకు పంపలేకపోతున్నాము. ఇటీవల ఒక కన్సల్టెంటును పిలిస్తే, ఆఫీసు గదిలో రెండు గంటలు మాట్లాడి, కొత్త సాఫ్ట్‌వేర్ పెట్టమని, ఇంకొక సీఎన్‌సీ (కంప్యూటర్ ఆదేశాలతో నడిచే) లేత్ కొనమని, పది మందిని తగ్గించమని చెప్పారు. మంచి కన్సల్టెంటు ఏ సూత్రాల ప్రకారం పనిచేయాలి?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: ఆయన చెప్పిన మూడింటిలో ఏదో ఒకటి మీకు చివరకు అవసరం కావచ్చు. కానీ సరుకు ఎక్కడ ఆగుతోందో చూడకముందే చెప్పిన సలహాకు డబ్బు ఖర్చు పెట్టవద్దని గట్టిగా కోరుతున్నాను. పని జరిగే చోట నిలబడి, తొందరపడకుండా చూడటం ఈ వృత్తికి మొదటి నియమం. కార్ల కంపెనీ టొయోటాలో ఉత్పత్తి పద్ధతిని తీర్చిదిద్దిన ఇంజనీరు తైచీ ఓనో నేల మీద సుద్దముక్కతో వృత్తం గీసి, అందులో ఇంజనీర్లను గంటల తరబడి నిలబెట్టి షాపును, అంటే మెషీన్లు నడిచే చోటును, చూడమనేవారని చెబుతారు.

అలా నిలబడితే ఏం కనిపిస్తుందో మీ యూనిట్‌లోనే చూడండి. ఒక జాబు (ఆర్డరు పని) ముగిసి మరొకటి ఎక్కించే సమయంలో లేత్ పక్కన నిలబడండి. చాలా షాపుల్లో మెషీన్‌ను కొత్త పనికి సిద్ధం చేసే సెట్టర్, ముక్కను పట్టి ఉంచే చక్ దవడల కోసం స్టోర్‌కు వెళతాడు. ఇన్సర్టుల (లోహాన్ని కోసే పనిముట్టు మొనల) డబ్బాకు తాళం ఉంటుంది, తాళంచెవి వేరొకరి జేబులో ఉంటుంది. డ్రాయింగులో తాజా మార్పు ఏదో సూపర్‌వైజర్‌ను అడగాలి, ఆయన ఎవరో కస్టమర్‌తో ఫోనులో ఉంటారు. ఎట్టకేలకు ఫస్ట్ పీస్ (కొలతలు సరిచూడటానికి చేసే మొదటి ముక్క) తీసి క్వాలిటీ బల్ల మీద పెడితే, అక్కడ మైక్రోమీటర్ పట్టుకున్న ఒకే ఒక్క మనిషి ముందు అప్పటికే మరికొన్ని ముక్కలు వరుసలో ఉంటాయి. అంతసేపూ మెషీన్ ఖాళీగా ఉంటుంది. మీరు లక్షలు పోసి ఇంకొక లేత్ కొన్నా, దాని ఫస్ట్ పీస్ కూడా వెళ్లి ఆ వరుసలోనే కూర్చుంటుంది. మెషీన్ నడుస్తుండగానే సిద్ధం చేసుకోగల పనులను, మెషీన్ ఆపితే తప్ప చేయలేని పనుల నుంచి వేరు చేయాలని జపాన్ ఇంజనీర్ షిగెయో షింగో బోధించారు. ఆ ఒక్క విభజన చేయడానికి కావలసింది ఒక ట్రాలీ, ఒక చెక్‌లిస్టు, సెట్టర్ సహకారం.

రెండవది కొలత. ఇది మీరు ఈరోజే చేయగలరు. షాపులో మొదలుపెట్టి ఇంకా పూర్తికాని జాబులను లెక్కించి, ఆ సంఖ్యను రోజుకు సగటున డిస్పాచ్ అయ్యే జాబుల సంఖ్యతో భాగించండి. ఉదాహరణకు 600 జాబులు లోపల ఉండి, రోజుకు 50 బయటికి వెళుతుంటే, ఒక్కో జాబుకు సగటున 12 రోజులు పడుతుంది. అమెరికన్ ప్రొఫెసర్ జాన్ లిటిల్ 1961లో నిరూపించిన సూత్రమిది. మీరు కస్టమర్‌కు 7 రోజులని మాట ఇచ్చి ఉంటే, వేగం పెరగనంతవరకు లోపల ఉండే జాబులు 350 దాటకూడదు. మెటీరియల్ వచ్చింది కదా అని వెంటనే షాపులోకి వదిలే అలవాటు మానుకోవడం యజమానులకు చాలా కష్టమైన పని అని నాకు తెలుసు. అయినా సాఫ్ట్‌వేర్ కంటే ముందు అదే చేయాలి.

ఇక పది మందిని తగ్గించే సంగతి. ఈ విషయంలో నా అభిప్రాయం స్పష్టం. కాలం ఎక్కడ వృథా అవుతోందో మీ సెట్టర్లకు, ఆపరేటర్లకు తెలిసినంతగా మరెవరికీ తెలియదు. ఆ సంగతి చెబితే తమ ఉద్యోగమో పక్కవాడి ఉద్యోగమో పోతుందని తెలిసిన రోజున వాళ్లు నోరు విప్పరు. అమెరికన్ నాణ్యతా నిపుణుడు ఎడ్వర్డ్స్ డెమింగ్ 1950లో జపాన్ వెళ్లినప్పుడు ఇంజనీర్లతోపాటు కంపెనీల అధిపతులకు కూడా పాఠాలు చెప్పారు. తర్వాతి కాలంలో ఆయన యాజమాన్యాలకు ఇచ్చిన 14 సూత్రాలలో ఎనిమిదవది భయాన్ని పారదోలమనడమే. అందుచేత ఈ పని కారణంగా ఎవరి ఉద్యోగమూ పోదని మీరు ముందే నోటీసు బోర్డు మీద రాసి పెట్టండి. అందుకు ఒప్పుకోని యూనిట్లలో నేను పని తీసుకోను.

ప్రశ్న: నేను ఈ వృత్తికి కొత్త. క్లయింటు యూనిట్‌లో ఆలస్యానికి యజమాని తీరే కారణమని నాకు అర్థమైంది. ఫీజు ఇచ్చేది ఆయనే. నివేదికలో ఎలా రాయాలి?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: అమ్మా, నివేదిక కంటే ముందు ఆయనకు ఒంటరిగా చెప్పండి, ఆధారంతో చెప్పండి. గట్టిగా అరిచిన కస్టమర్ జాబును ముందుకు జరపమని యజమాని రాత్రి సూపర్‌వైజర్‌కు ఫోను చేయడం చాలాచోట్ల జరిగేదే. ఒక వారంపాటు మారిన వరుసలను, ప్రతి మార్పుకూ అదనంగా పోయిన సెట్టింగ్ సమయాన్ని ఒక కాగితం మీద రాయించి ఆయన ముందు పెట్టండి. తప్పుపట్టే మాట ఒక్కటి కూడా అక్కరలేదు. ఆ తర్వాత నివేదికలో ఉన్నది ఉన్నట్టు రాయండి. నచ్చేలా మార్చి రాస్తే, ఆ కాగితాన్ని నమ్మి రేపు ఆయన తీసుకునే నిర్ణయానికి మీరే బాధ్యులవుతారు.

మరో రెండు మాటలు. మెషీన్ లేదా సాఫ్ట్‌వేర్ అమ్మేవారి దగ్గర కమిషన్ తీసుకోవద్దు. ఒక క్లయింటు డ్రాయింగులు, రేట్లు మరొకరి దగ్గర ఎన్నడూ ప్రస్తావించవద్దు.

ప్రశ్న: కన్సల్టెంటు ఉన్నన్నాళ్లు అంతా బాగుంటుంది, వెళ్లిన కొన్ని నెలలకే మళ్లీ పాత పద్ధతే. కారణం ఏమిటి?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: చార్టు ఆయన రాశారు, మీటింగు ఆయన నడిపారు, గొడవలు ఆయన తీర్చారు. అందుకే ఆయనతోనే అన్నీ వెళ్లిపోయాయి. ఒప్పందంలోనే మీ సిబ్బందిలో ఇద్దరి పేర్లు రాయించి, మొదటి నెల ఆయన చేస్తుండగా వాళ్లు చూడాలని, రెండవ నెల నుంచి వాళ్లు చేస్తుండగా ఆయన చూడాలని షరతు పెట్టండి. ఆయన వచ్చే రోజులు నెలనెలా తగ్గాలి. భారతదేశంలో, నాణ్యతా నిర్వహణకు జపాన్ ఇచ్చే డెమింగ్ బహుమతిని మొదట అందుకున్న సంస్థ చెన్నైలోని సుందరం-క్లేటన్ బ్రేకుల విభాగం. 1998లో వచ్చిన ఆ గుర్తింపు వెనుక ఏళ్ల తరబడి ఉద్యోగులకు ఇచ్చిన శిక్షణ ఉంది.

ఖర్చు గురించి వెనుకాడవద్దు. సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల కోసం కేంద్ర ప్రభుత్వం 2023లో ప్రారంభించిన లీన్ (వృథాను తగ్గించే పద్ధతి) పథకంలో కన్సల్టెన్సీ ఖర్చులో 90 శాతం ప్రభుత్వమే భరించే ఏర్పాటు ఉంది. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (ఇలాంటి సంస్థగా ప్రభుత్వం వద్ద నమోదు) లేకపోతే ముందు అది చేయించుకోండి.